రత్నం పెట్టెలో రెండు గాదెలు

ముప్పై ఒక్క వేల లైన్ల ప్రోగ్రామును ఒకే ఫైల్లో రాసిన మనిషిని జైల్లో పెట్టాలని హైమవతి అభిప్రాయం. ఆ మనిషి ఎదురుగా కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకు తింటున్నా సరే, ఆ మాట పైకి అనడానికి ఆమె వెనకాడేది కాదు.

"పెట్టించమ్మాయ్, పెట్టించు. అక్కడ కూర్చుని ముప్పై రెండో వెయ్యి రాస్తాను" అన్నాడు గురునాథం మాస్టారు, తొక్కలు ఆమె బల్లవైపు ఊదుతూ.

కాకినాడలో ఒక పాత మేడ పై అంతస్తులో ఉండేది వాళ్ళ ప్రయోగశాల. మెదడువాపు జ్వరం వచ్చి బతికి బయటపడ్డవాళ్ళలో కొందరికి పాత సంగతులన్నీ గుర్తుంటాయి గానీ కొత్తవి నిలవవు. పొద్దున పరిచయమైన మనిషి మధ్యాహ్నానికి మళ్ళీ కొత్త. అలాంటివాళ్ళ కోసం మాస్టారు ఒక పెట్టె తయారుచేశాడు. అరచేతిలో ఇమిడేంత పెట్టె. దాన్ని నడుముకు కట్టి, రెండు సన్నటి తీగలు తలలోకి పంపితే, మనిషి చూసినవీ విన్నవీ అందులో చేరతాయి, అవసరమైనప్పుడు అడక్కుండానే అందుతాయి. అవన్నీ చేరే చోటుకి మాస్టారు 'గాదె' అని పేరు పెట్టుకున్నాడు.

గాదె ఒక్కటే ఉండాలన్నది అక్కడి కట్టుబాటు. మొదటి పేషెంటు జ్ఞాపకాలకు నకలు తీసి, ఆస్తి తగాదాలో అతని తమ్ముడే వాటిని కోర్టులో చదివించాడు. ఆ అవమానం భరించలేక ఆ మనిషి పెట్టె విప్పి పారేశాడు. అప్పటినుంచి నకలు అన్న మాటే లేదు. పెట్టె మొదలవగానే ప్రోగ్రాము, ఆగి ఉన్నప్పుడు జ్ఞాపకాలను దాచే చిప్పులో ఉన్నదంతా గాదెలోకి తీసుకుని చిప్పును తుడిచేస్తుంది. ఆపేటప్పుడు తిరిగి చిప్పులో రాస్తుంది. ఒక మనిషి జ్ఞాపకాలు ఏ క్షణంలోనైనా ఒక్కచోటే ఉంటాయి.

ఇదంతా బాగానే ఉంది. బాగోలేనిది ఆ ఫైలు. మొదట్లో ఇద్దరు పేషెంట్లప్పుడు ఎనిమిది వందల లైన్లు. ఇప్పుడు నలభై రెండుమంది. ఎవరికి ఏ తేడా వచ్చినా మాస్టారు ఆ ఫైల్లోనే ఏదో మూల నాలుగు లైన్లు దూర్చేవాడు. ఆరో పేషెంటు తలనొప్పి కోసం రాసింది పదిహేనో పేషెంటు నిద్ర చెడగొట్టేది.

"చెవి పని ఒక ఫోల్డరులో, కంటి పని ఒక ఫోల్డరులో, గాదె విడిగా దాని ఫైల్లో. చిన్నపిల్లలు కూడా పుస్తకాలు ఒకచోట, బట్టలు ఒకచోట పెట్టుకుంటారు మాస్టారూ."

"ఏ మూల ఏముందో నాకు తెలుసు."

"మీరు పోతే?"

"పోయాక తగలెయ్."

"అప్పుడు నలభై రెండుమందీ తగలబడతారు."

ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా కోడులోనే చెప్పుకునేవాళ్ళు. ఆ ప్రోగ్రాము రాసిన పైథాన్ భాషలో ముందు ఒక గుర్తు పెట్టి రాసిన లైనును యంత్రం పట్టించుకోదు, మనుషులు చదువుకోవడానికే ఉంటుంది. మాస్టారు ఆ లైన్లను తిట్లకు వాడుకున్నాడు. 'దీన్ని ముట్టుకున్న చెయ్యి విరిగిపోతుంది' అని ఒక్కో పనికి రాసిన ప్రతి ఫంక్షను నెత్తిన రాసిపెట్టాడు. హైమ లెక్కపెట్టింది, రెండు వందల పదకొండు చోట్ల ఉంది. కింద తను కూడా రాసింది: 'ముట్టుకున్నాను. విరగలేదు.'

*

ఇంట్లో పోరు ఇంకో రకం.

హైమ భర్త వెంకటరత్నం పడవల ఇంజన్ల మెకానిక్కు. తొమ్మిదేళ్ళ క్రితం జ్వరం వచ్చింది, ఏడేళ్ళ క్రితం పెట్టె పెట్టారు. ఆ పెట్టె చూడటానికి వెళ్ళే ఇంజనీరుతో ప్రేమలో పడి, ఐదేళ్ళ క్రితం పెళ్ళాడాడు. అంటే హైమ గురించి అతనికి తెలిసిన ప్రతి ముక్కా ఆ పెట్టెలోనే ఉంది. పెట్టె బయట, అతని సొంత బుర్రలో, హైమ అన్న మనిషే లేదు.

ఈ సంగతి అత్తగారు మంగాయమ్మ బాగా పట్టుకుంది.

"రాసేది నువ్వే, పెట్టేది నువ్వే. నిన్ను చేసుకోమని కూడా నువ్వే రాసి పెట్టుంటావు" అనేది, వీధిలోవాళ్ళు వినేలా.

"అలా రాయడం కుదరదత్తయ్యా."

"కుదిరితే రాసేదానివేగా?"

రత్నమే కలగజేసుకునేవాడు. "ఇంక ఆపవే అమ్మా. నేనేమన్నా టేపురికార్డరునా?" అని కంచం తీసుకుని వెళ్ళి హైమ పక్కన కూర్చునేవాడు. మంగాయమ్మ ఆ పూట అన్నం మానేసేది. ఐదేళ్ళుగా వారానికి రెండుసార్లు ఆ ఇంట్లో ఇదే వరస.

మార్చిన ప్రోగ్రామును ముందు ఒక్క మనిషికే పెట్టి చూడటం ప్రయోగశాల పద్ధతి. హైమ అడగకముందే రత్నం చెయ్యెత్తాడు.

"నువ్వు రాసిందేగా, పెట్టెయ్" అన్నాడు.

"నా కొడుకు తలకాయ మీకు ఆటస్థలమైపోయింది" అంది మంగాయమ్మ.

*

నాలుగు నెలల్లో హైమ ఆ ఫైలును ముప్పై ఎనిమిది ముక్కలు చేసింది. కోడులో ఎక్కడా పిలవని, అంటే వాడని, ఫంక్షన్లు తొంభై దాకా దొరికితే ఊడ్చి అవతల పారేసింది. మనిషికి తగిలించని డమ్మీ పెట్టెల మీద పరీక్షలన్నీ నెగ్గాయి. అంత శుభ్రమైన కోడును చూసుకుంటే ఆమెకే ముచ్చటేసింది. మాస్టారు తెరవైపు కన్నెత్తి కూడా చూడలేదు.

మంగళవారం పొద్దున రత్నాన్ని ప్రయోగశాలలో మంచంమీద పడుకోబెట్టి, పాతది ఆపి కొత్తది మొదలుపెట్టారు. అతను ఇంకా కళ్ళు తెరవలేదు.

"రత్నం, ఎలా ఉంది?" అంది హైమ.

అతను కళ్ళు మూసుకునే నవ్వాడు. "హైమా, నీ కోడు చల్లగా ఉందే" అన్నాడు. ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. నవ్వు పోయింది. చెయ్యి వదిలేశాడు.

"ఎవరండి మీరు? హైమ ఏది?"

"నేనే. నేనే హైమని."

అతను మంచంమీద వెనక్కి జరిగాడు. "గొంతు ఆవిడదే" అన్నాడు గదిలోవాళ్ళను ఒక్కొక్కరినీ చూస్తూ. "ఈవిడ నోట్లోంచి ఎందుకొస్తోంది?"

రెండు రోజుల్లో సర్దుకుంటుందని హైమ అందరికీ చెప్పింది. రిపోర్టులో మాత్రం 'పాత కోడులో ఉన్న లోపం ఇప్పుడు బయటపడి ఉండవచ్చు' అని రాసింది. పాత కోడు అంటే మాస్టారు అని అక్కడ అందరికీ తెలుసు. రాసినప్పుడు అది నిజమేనని ఆమె నమ్మింది. నమ్మాలని ఆమెకు గట్టిగా ఉంది.

సర్దుకోలేదు. వంటింట్లోంచి హైమ మాట వినిపిస్తే రత్నం ముఖం వెలిగేది. ఆమె గుమ్మంలోకి వస్తే గోడకు అతుక్కుపోయేవాడు. ఆ ఇల్లూ అతని కంటికి కొత్తే, జ్వరం తర్వాత కొన్నది. పాత జ్ఞాపకాల్లో ఉన్నది కనుక తల్లి ముఖం ఒక్కటే అతనికి తెలిసిన ముఖం. మూడో రోజు హైమ అన్నం పెట్టబోతే కంచం విసిరేశాడు. "మా ఆవిణ్ణి ఏం చేశావు? ఆమె గొంతు నీకెక్కడిది?" అని మీదికి వచ్చాడు. మంగాయమ్మ అడ్డుపడి కొడుకును తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది.

"అందుకే చెప్పాను, వేళ్ళు పెట్టొద్దని" అంది లోపల్నుంచి. "ఇప్పుడు సుఖంగా ఉందా?"

సుఖంగా లేదు. హైమ తలుపు ఇవతల కూర్చుని ఏడ్చింది. ఏడుపు వినిపించి అతను లోపలినుంచి "హైమా, హైమా, ఎక్కడున్నావు?" అని అరిచాడు. తలుపు తీస్తే మళ్ళీ గొడవే కాబట్టి మంగాయమ్మ తీయలేదు.

ఆరో రోజు మొదటి మూర్ఛ వచ్చింది. తొమ్మిదో రోజుకి మూడు. ఒకే ప్రశ్నకు తలలోకి రెండు వేరు వేరు జవాబులు ఒకేసారి వస్తున్నాయని, ఇంకో రెండు మూడు మూర్ఛలు వస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు తేల్చేశాడు.

*

రెండు జవాబులు అన్న మాట దగ్గర హైమకు తట్టింది. ఆస్పత్రినుంచి నేరుగా ప్రయోగశాలకు వెళ్ళి, గాదె మొదలయ్యేచోట ఒక లైను చేర్చి, డమ్మీ పెట్టెలో నడిపించి చూసింది. గాదె మొదలైంది అన్న మాట తెరమీద ఒకసారి రావాలి. రెండుసార్లు వచ్చింది.

ఒకే ఇంటికి రెండు రకాలుగా అడ్రసు రాసినా పోస్టుమాన్ ఆ గుమ్మానికే వస్తాడు. పైథాన్ అలా కాదు, అడ్రసు వేరైతే ఇంకో ఇల్లు కట్టేస్తుంది. చెవి ఫోల్డరులో గాదెను పూర్తి అడ్రసుతో పిలిచింది హైమ. కంటి ఫోల్డరులో ఉత్త పేరుతో పిలిచింది. పరీక్షలప్పుడు సులువుగా ఉంటుందని లోపలి ఫోల్డరుకు దారి చూపించే లైను ఒకటి రాసి, తీసేయడం మర్చిపోయింది. కాబట్టి రెండు పిలుపులూ చెల్లాయి, రెండు గాదెలు లేచాయి. చెవి గాదె ముందు లేచి, చిప్పులోని ఏడేళ్ళనూ తీసుకుని చిప్పును తుడిచేసింది. కంటి గాదె లేచేసరికి అక్కడేమీ లేదు. డమ్మీ పెట్టెల చిప్పులు ఎప్పుడూ ఖాళీవే కాబట్టి పరీక్షలకు ఈ తేడా అందలేదు.

ఆమె లేచి మాస్టారు బల్ల దగ్గరికి వెళ్ళింది. ఐదు నెలల తర్వాత మాట్లాడటం.

"తప్పు నాదే మాస్టారూ. రెండు గాదెలు నడుస్తున్నాయి."

ఆయన ఎగతాళి చేయలేదు. కళ్ళజోడు పెట్టుకుని వచ్చి తెరముందు కూర్చున్నాడు. "పెట్టె ఆపితే రెండూ చిప్పులో రాస్తాయి. తర్వాత రాసేది ముందు రాసినదాన్ని చెరిపేస్తుంది. ఏది తర్వాత?"

"కన్ను."

"అంటే ఈ పది రోజులు తప్ప ఖాళీది. సరే, ఆపకుండానే లోపలికి వెళ్ళి చెవి గాదెను బయటికి తీద్దాం. దొడ్డిగుమ్మం ఎక్కడ పెట్టావు?"

హైమ తను తీసేసిన ఫంక్షన్ల జాబితా తెరిచింది.

"నడుస్తున్న పెట్టెలోకి వెళ్ళే ఫంక్షనమ్మాయ్. దొడ్డిగుమ్మం అని పేరు. ఎక్కడ?"

"ఎవరూ పిలవట్లేదని తీసేశాను."

"నేను పిలుస్తాను!" మాస్టారు బల్లమీద చరిచాడు. "మనిషి ప్రాణం మీదికొచ్చినప్పుడు ఈ కుర్చీలో కూర్చుని నేను పిలుస్తాను దాన్ని! పైన రాసిపెట్టాను కదా ముట్టుకోవద్దని!"

"రెండు వందల పదకొండు చోట్ల అదే రాశారు. అందులో నిజంగా ముట్టుకోకూడనిది ఏదో నాకెలా తెలుస్తుంది?"

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు.

"అడిగేలా ఉన్నారా మీరు?"

నడిచే ప్రోగ్రాములో లేని గుమ్మాన్ని బయటినుంచి పెట్టడం కుదరదు. రెండు రాతలకూ మధ్య కరెంటు తెంపితే చెవి గాదె రాసింది చిప్పులో మిగులుతుందేమోనని ఇద్దరూ కలిసి నలభై డమ్మీ పెట్టెల మీద ప్రయత్నించారు. ఈసారి వాటిలో నకిలీ జ్ఞాపకాలు నింపి మరీ చూశారు. నలభైలో ఒక్కటి కూడా దక్కలేదు. పెట్టె ఆపకపోతే మనిషి దక్కడు, ఆపితే ఏడేళ్ళు దక్కవు.

*

ఇంట్లో తల్లి గదిలో ఉన్న రత్నానికి చెప్పడానికి వెళ్ళినప్పుడు అతని కళ్ళకు మంగాయమ్మ చేత తువ్వాలు కట్టించింది హైమ. గొంతు ఒక్కటే వెళ్ళాలి. మంగాయమ్మ బయటికి వెళ్ళనంది. మూలన స్టూలుమీద కూర్చుంది.

హైమ ఏదీ దాచలేదు. ఫోల్డర్లు, అడ్రసులు, తీసేసిన గుమ్మం, రిపోర్టులో రాసిన అబద్ధం కూడా చెప్పింది. అతను ఇంజన్ల మనిషి, తొందరగానే అర్థమైంది.

"అంటే ఆపేశాక నువ్వెవరో నాకు తెలీదు."

"తెలీదు."

"గొంతు కూడా?"

"గొంతు కూడా."

అతను ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "ఒళ్ళు మండిపోతోంది హైమా నీమీద. నాలుగు నెలలు ఆయనతో మాట్లాడకుండా పని చేస్తావా? నేనైతే పక్కవాణ్ణి అడక్కుండా ఇంజన్లో ఒక బోల్టు కూడా తీయను."

"తిట్టు. ఇంకా తిట్టు."

"తిడితే ఏం లాభం, అదీ గుర్తుండదు." అతను తలను ఆమెవైపు తిప్పాడు. "ఒకటి అడుగుతాను. ఆపేశాక నా భార్యవని నీ నోటితో చెప్పకు."

హైమకు అర్థం కాలేదు. "మరెలా తెలుస్తుంది నీకు?"

"ఏం చెప్పినా నమ్మేస్తాను అప్పుడు. ఖాళీ తలకాయ కదా. నువ్వు చెప్పి, నేను నమ్మి, మళ్ళీ కాపురం చేస్తే మా అమ్మ ఐదేళ్ళనుంచి అంటున్న మాటే నిజమైపోతుంది. అలాంటి మొగుడు నీకూ వద్దు. మాటివ్వు."

ఆమె ఇవ్వలేక ఇచ్చింది. మూలన స్టూలు కిర్రుమంది. మంగాయమ్మ లేచి, హాల్లో ఉన్న పెళ్ళిఫొటో మేకునుంచి తీసి బట్టల బీరువాలో చీరల కింద పెట్టేసింది. హైమ చూస్తూ నిలబడింది.

*

శుక్రవారం పొద్దున పదింటికి ఇంట్లోనే పెట్టె ఆపారు. మాస్టారు చిప్పులో మిగిలిన ఆ పది రోజుల చూపులనూ తుడిచేసి, తన పాత ఫైలునే, ముప్పై ఒక్క వేల లైన్లదాన్ని, తిరిగి ఎక్కించాడు.

రత్నం కళ్ళు తెరిచి అటూ ఇటూ చూశాడు. మూర్ఛ లేదు, భయం లేదు. తల్లిని చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏవే అమ్మా, ఇంత ముసలిదానివైపోయావేంటే?"

మంగాయమ్మ అతని తల నిమిరింది. "జ్వరం వచ్చి తొమ్మిదేళ్ళయిందిరా నాన్నా."

"తొమ్మిదా!" అతని చూపు హైమ మీద ఆగింది. "ఈవిడెవరు?"

మంగాయమ్మ కోడలివైపు చూడకుండానే చెప్పింది.

"ఆఫీసువాళ్ళురా. నీ పెట్టె చూస్తారు."

అంతే. ఐదేళ్ళు అంత తేలిగ్గా అయిపోయాయి. హైమ బల్ల అంచు పట్టుకుంది. మాట ఇచ్చింది కాబట్టి నోరు విప్పడానికి లేదు.

రత్నం నడుముకున్న పెట్టెను తడిమి చూసుకున్నాడు. మాస్టారు అదేమిటో, ఏడేళ్ళుగా ఉందని, ఏం చేస్తుందో చెప్పాడు.

"ఏడేళ్ళనుంచి ఉంటే నాకేమీ గుర్తులేదేంటండి మరి?"

"యంత్రమన్నాక బాబూ, ఒక్కోసారి..." మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ నసిగాడు. హైమను కాపాడటానికి ఆయన అబద్ధమాడటం అదే మొదటిసారి.

"యంత్రం కాదండి" అంది హైమ. "నేను. కోడు నేను మార్చాను. ఈయన్ని అడగకుండా తీయకూడనిది తీసేశాను. మీ ఏడేళ్ళూ పోయింది నా వల్లే. ఇంకెవరిదీ ఇందులో తప్పు లేదు."

రత్నం ముఖం ఎర్రబడింది. మంచం దిగి నిలబడ్డాడు.

"ఏడేళ్ళండీ! ఏడేళ్ళలో ఏం చేశానో, ఎవరితో తిరిగానో, ఏం తిన్నానో కూడా తెలీకుండా చేసి, నిలబడి చెప్తున్నారా? క్షమించమని అడగడానికొచ్చారా?"

"లేదు."

"అయితే వెళ్ళండి. నా పెట్టె జోలికి ఇంకెప్పుడూ రాకండి. బయటికి వెళ్ళండి."

హైమ వెళ్ళింది. గుమ్మం అవతల చెప్పులున్నాయి. ఒకటి తొడుక్కుంది. రెండోది కాలికి సరిగా ఎక్కలేదు, కళ్ళలో నీళ్ళు అడ్డమై ఎటు తొడుక్కుంటోందో తెలియలేదు.

"ఆగవే" అంది లోపల్నుంచి మంగాయమ్మ.

గొంతులో ప్రేమేమీ లేదు. కూరగాయలవాడితో బేరమాడే గొంతు అది.

"ఒరే రత్నం, అది నీ పెళ్ళాం. నాకు ఇష్టంలేదు, ఇప్పటికీ ఇష్టంలేదు. వద్దంటే మూడు నెలలు నాతో మాట మానేసి మరీ చేసుకున్నావు. ఐదేళ్ళు వారానికి రెండుసార్లు దానికోసం నాతో దెబ్బలాడావు. నేను అన్నం మానేస్తే నువ్వు దాని పక్కన కూర్చుని తిన్నావు. మందు పెట్టిందన్నాను, పెట్టెలో తన పేరు రాసుకుందన్నాను. రాసుకునేదైతే ఇవాళ రాసుకోదా?"

మంగాయమ్మ స్టూలుమీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. "దాన్ని వెనకేసుకురావడానికి నాకేం పట్టిందిరా? జరిగింది చెప్పాను."

రత్నం గుమ్మందాకా వచ్చాడు. గోడకు చెయ్యానించి హైమను చూశాడు. ముఖం, జుట్టు, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేకపోవడం, అన్నీ మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. నిజానికి మొదటిసారే.

"మా అమ్మ నాకోసమైతే అబద్ధమాడుతుంది" అన్నాడు. "మీకోసం ఆడదు."

"ఆడదు" అంది హైమ.

"నాకు మీమీద చాలా కోపంగా ఉంది."

"తెలుసు."

అతను పక్కకు జరిగి గుమ్మంలో దారి వదిలాడు. "లోపలికి రండి. ముందు ఆ పనేదో ఎలా చెడగొట్టారో మొదటినుంచి చెప్పండి" అన్నాడు.

హైమ చెప్పు విప్పింది.